సగం మార్కులు చాలునా?

గోలేటి నుంచి ఒక యువకుడు ఈమధ్య ఒక సందేహం అడిగాడు. చూడటానికి చిన్న సందేహమే. కాని తిరగేసి చూస్తే దాని కింద ఇంకో ప్రశ్న కనిపించింది. అది అతను అడగని ప్రశ్న. అదే పెద్దది.

గోలేటి కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో ఉంది. సింగరేణి బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం అక్కడే. ఆ యువకుని తండ్రి భూగర్భ గనిలో మైనింగ్ సర్దారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కెనడాలో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఉంటున్నాడు. చిన్నవాడు ఇంటి దగ్గరే ఉన్నాడు. విచిత్రమేమిటంటే అన్నదమ్ములిద్దరూ ఒకే కాలంలో ఒకే రకం పరీక్షకు కూర్చుంటున్నారు. కెనడాలో మ్యూచువల్ ఫండ్లు అమ్మే ప్రతినిధిగా నమోదు కావాలంటే ముందు ఒక కోర్సు చదివి పరీక్ష ప్యాసవ్వాలి. కెనడియన్ సెక్యూరిటీస్ ఇన్‌స్టిట్యూట్ వారి కోర్సు ఒకటి, ఐఎఫ్ఎస్ఈ ఇన్‌స్టిట్యూట్ వారిది ఒకటి ఎక్కువమంది చదువుతారు. అక్కడ బ్యాంకు శాఖల్లో ఉద్యోగం వెదుక్కునే కొత్త వలసదారులకు ఇది తొలిమెట్టు లాంటిది. మన దేశంలో ఇదే పనికి ఎన్ఐఎస్ఎం సంస్థ పరీక్ష పెడుతుంది. 2010 జూన్ నుంచి అది నడుస్తోంది. ప్యాసైన తరువాత యాంఫీ దగ్గర నమోదై ఒక నంబరు పొందితేనే ఎవరైనా ఫండ్లు పంపిణీ చేయవచ్చు.

రాత్రిపూట అన్నదమ్ములు ఫోనులో మాట్లాడుకుంటూ చదువుకునేవారట. ఒకరోజు ఇద్దరి పుస్తకాల్లోనూ ఒకే మాదిరి ప్రశ్న ఎదురైంది. అరవై దాటిన మనిషి, రిటైరయ్యాడు, నష్టం భరించలేడు, నెలనెలా ఖర్చులకు డబ్బు కావాలి. ఇతనికి ఏ ఫండు తగినది? నాలుగు జవాబులిచ్చారు. పుస్తకం ప్రకారం సరైనది రుణపత్రాల ఫండు. అంటే ప్రభుత్వానికో కంపెనీలకో అప్పిచ్చి, దానిమీద వచ్చే వడ్డీని పంచే ఫండు. చిన్నవాని చేయి ఆగిపోయింది. “భాయ్, వడ్డీ హరామని తెలిసీ, ఇదే సరైనదని గుర్తు పెడితే నేను దానికి సాక్ష్యం చెప్పినట్టు కాదా?” అన్నాడు. పెద్దవాడు కొంతసేపు ఏమీ అనలేదట. తరువాత “పెట్టకపోతే మార్కు పోతుంది కదరా” అన్నాడు. సందేహం మా దాకా వచ్చింది అందుకే.

వడ్డీ విషయంలో దైవప్రవక్త (స) తినేవాడిని, తినిపించేవాడిని, దాన్ని రాసేవాడిని, సాక్షులను ఒకే గాటన కట్టి శపించారని జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ యువకుని భయానికి మూలం అదే. ఆ భయం అభినందనీయమే. అయితే పరీక్షాపత్రం మీద పెట్టే గుర్తు వడ్డీ లావాదేవీకి సాక్ష్యం కాదు. అక్కడ అడుగుతున్నది ‘నీ దృష్టిలో ఏది ధర్మం’ అని కాదు. ‘ఈ నిబంధనల ప్రకారం ఏది తగినదని చెబుతారు’ అని. అడిగేవారికీ, రాసేవారికీ ఆ సంగతి తెలుసు. ఎవరూ మోసపోవడం లేదు. మన ముస్లిం విద్యార్థులు న్యాయశాస్త్రం చదువుతూ హిందూ వారసత్వ చట్టం మీద ప్రశ్నలకు జవాబులు రాస్తారు. ఆ పంపకం ఖుర్ఆన్ చెప్పిన పంపకం కాదని వారికి తెలుసు. అయినా రాసింది అబద్ధం కాదు, ఆ చట్టం అలా ఉందన్న నిజం. వడ్డీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం వేరు, వడ్డీ పత్రం మీద సంతకం చేయడం వేరు. అసలు తెలియకపోతే దాని నుంచి తప్పుకోవడం ఎలా?

కాబట్టి పరీక్షలో ఆ గుర్తు పెట్టవచ్చు. ఇంతటితో అతని సందేహం తీరిపోయింది. ఇక అతను అడగని ప్రశ్నకు వద్దాం.

మన దేశపు పరీక్షలో 100 ప్రశ్నలు, 2 గంటల సమయం. 50 మార్కులు వస్తే ప్యాసు. తప్పు జవాబుకు మార్కులు కోసేయరు. కెనడా పరీక్షలో 60 శాతం కావాలి. తప్పుకు శిక్ష లేదు గనుక, తెలియని ప్రశ్నను ఖాళీగా వదలవద్దు, ఏదో ఒకటి పెట్టి రమ్మని నేర్పేవారందరూ చెబుతారు. పరీక్ష వరకు అది తెలివైన సలహాయే. అందులో అధర్మమేమీ లేదు. కాని ఆ ప్యాసు కాగితం చేతికొచ్చిన మరునాడు ఏం జరుగుతుందో ఆలోచించండి. 100లో 50 తెలిసిన మనిషి, తెలియని 50తో సహా ఇతరుల ముందు కూర్చుంటాడు. అక్కడ అతని ఊహ తప్పితే మార్కు పోదు. ఎదుటివాని సొమ్ము పోతుంది.

ఈ మాట మేము కనిపెట్టింది కాదు. ఆ యువకుని తండ్రే అన్నారు. బొగ్గుగనుల ప్రాంతంలో లేనివారికి సర్దారు పని ఏమిటో కొంచెం చెప్పాలి. షిఫ్టు దిగే కార్మికుల కంటే ముందు సర్దారు లోపలికి వెళ్ళి పని జరిగే చోటు చూడాలి. గాలి ఆడుతోందా, విషవాయువు ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసి సంతకం చేయాలి. కప్పును కర్రతో తట్టి చెవిపెట్టి వింటారు. గట్టిగా మోగితే ఒక అర్థం, డొల్లగా మోగితే ఇంకో అర్థం. ఈ పనికి గనుల భద్రతా శాఖ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. వాయుపరీక్షకు, ప్రథమ చికిత్సకు వేరుగా సర్టిఫికెట్లుండాలి. ఆ పెద్దాయన కొడుకుతో అన్న మాట ఇది: “సర్దారు పరీక్షలో నాకు వందకు వంద రాలేదు బేటా. కాని బాయిలోకి దిగినంక కప్పు కింద నిలబడి సగం తెలుసు, సగం అందాజాగా చెప్పిన అంటే నడవదు. నా సంతకం చూసి ఇరవై మంది లోపలికి వస్తరు. వాళ్ళు కప్పును చూడరు. నా సంతకమే చూస్తరు.”

డబ్బు విషయంలోనూ అంతే. రిటైరైన మనిషి ఫండు తాలూకు పత్రాలు చదవడు. చదివినా అర్థం కాదు. పక్క క్వార్టరు అబ్బాయి పరీక్ష ప్యాసయ్యాడు, నమాజు చదివేవాడు, అబద్ధమాడడు అని చూసి డబ్బు ఇస్తాడు.

నీకు తెలియని దాని వెంట పోవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నిటినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతు హెచ్చరిస్తుంది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్నిసా సూరా 58వ ఆయతు ఆజ్ఞాపిస్తుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు అబూదావూద్‌లో ఉంది. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆ వైద్యుని ఉద్దేశ్యం మంచిదా చెడ్డదా అన్న ప్రస్తావన అక్కడ లేదు. తెలియకుండా చేయి వేశాడు, అంతే, బాధ్యత మీద పడింది. హజ్రత్ ఉమర్ (రజి) కూడా ధర్మావగాహన లేనివాడు మన బజారులో అమ్మరాదన్నారని తిర్మిజీలో ఉంది. ఈ రోజుల్లో ప్రభుత్వాలు లైసెన్సు పరీక్షలు పెట్టడం వెనుక కూడా ఇదే ఆలోచన. కాని ప్రభుత్వం ఎక్కడో ఒకచోట గీత గీయాలి గనుక 50 దగ్గర గీసింది. ఆ గీత చట్టానికి సంబంధించినది. దైవం ముందు నిలబడేటప్పుడు ఆ గీత చూపించి తప్పుకోలేం.

బొగ్గు బెల్టులో ఈ సంగతికి ఎందుకింత బరువుందో బయటివారికి వెంటనే తెలియదు. ఇక్కడ రైతుకు పంట మీద, వ్యాపారికి రోజువారీగా వచ్చినట్టు డబ్బు రాదు. ముప్ఫై అయిదేళ్ళు నేలకింద చేసిన కష్టం ఒక్కరోజున వచ్చి పడుతుంది. సీఎంపీఎఫ్, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు కలిపి ఒకేసారి బ్యాంకులో చేరుతాయి. ఆ కుటుంబం అంతకు ముందు అంత మొత్తాన్ని ఎన్నడూ చూసి ఉండదు. ఆ వారంలోనే బంధువులు గుర్తొస్తారు, చిట్టీల వాళ్ళు గుర్తొస్తారు, గిరిగిరి వడ్డీలకు తిప్పేవారు వస్తారు, ప్లాట్ల బ్రోచర్లు వస్తాయి. క్వార్టరు కూడా ఖాళీ చేయాలి. అన్నీ ఒక్కసారే.

మన రాష్ట్రాల్లో ఏం జరిగిందో మరచిపోలేదు కదా! విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ 2014 ప్రాంతంలో చెల్లింపులు నిలిపేసినప్పుడు లక్షల కుటుంబాలు వీధిన పడ్డాయి. ఎక్కువమంది డబ్బు కట్టింది తెలిసిన ఏజెంటు చేతికే. తమ ఊరివాడు, తమ కులంవాడు, తమ మేనల్లుడు. ఏజెంట్లలో చాలామందికి తాము అమ్ముతున్నదేమిటో తెలియదు. వారి సొంత డబ్బు కూడా పోయింది.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానే చెప్పక తప్పదు. ముస్లిముల విషయంలో ఇది ఇంకా చేదుగా జరిగింది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న హీరా గోల్డ్ వ్యవహారం 2018లో కేసులు, అరెస్టుల దాకా వెళ్ళింది. మరుసటి ఏడాది, 2019 జూన్‌లో, బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ కుప్పకూలింది. రెండింటిలోనూ వేలాది కుటుంబాలను ఆకర్షించింది వడ్డీ లేని ధర్మసమ్మతమైన లాభం అన్న మాటే. డబ్బు పెట్టినవారు దురాశాపరులని తేలిగ్గా అనేస్తుంటారు. అది న్యాయం కాదు. చాలామంది బ్యాంకు వడ్డీ తీసుకోవడానికి భయపడి అక్కడికి వెళ్ళారు. వారి దైవభీతినే సరుకు చేసి అమ్మారు. హలాల్ అన్న మాట విన్నాక లెక్క అడగడం ఈమాన్‌కు లోటన్నట్టు ఊరుకున్నారు. లెక్క అడగమని చెప్పగలిగినవారు మనలో ఎంతమంది ఉన్నారు?

అందుకే ఈ చదువు వద్దని మేమనము. ఆ పుస్తకంలో ఉన్న తొలి పాఠమే ఎంతో ఉపయోగం. మన దేశంలో మ్యూచువల్ ఫండు చట్టరీత్యా ఒక ట్రస్టు. 1996 నాటి సెబీ నియమాల కాలం నుంచీ ఫండును స్థాపించినవారు వేరు, ధర్మకర్తలు వేరు, డబ్బును పెట్టుబడిగా పెట్టే కంపెనీ వేరు, కొన్న షేర్లను భద్రపరిచే సంస్థ వేరు. ఒకరి చేతిలో అన్నీ ఉండవు. ప్రతి పనిదినం యూనిట్ విలువ ప్రకటించాలి. ఇంత లాభం ఖాయమని ఎవరూ మాట ఇవ్వకూడదు. ఈ నాలుగు ముక్కలు తెలిసిన పిల్లవాడు మసీదుకు ఒక్కడున్నా, నెలకు లక్షకు మూడు వేలు ఖాయం అని వచ్చినవాడిని పట్టుకుని “డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? నీ నమోదు నంబరు ఎంత? ఖాయమని ఎలా అంటున్నావు?” అని అడిగేవాడు.

మళ్ళీ ఆ అరవై ఏళ్ళ మనిషి ప్రశ్నకు వద్దాం. పరీక్షలో సులువుగా తేలిపోయింది. బయట అదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న.

షరీఅతు నియమాలకు లోబడి నడిచే షేర్ల ఫండ్లు మన దేశంలో కొద్దిగానైనా ఉన్నాయి. టాటా ఎథికల్ ఫండ్, టారస్ ఎథికల్ ఫండ్ అందరికీ తెలిసినవే. బ్యాంకులు, మద్యం, జూదం వంటి వ్యాపారాలను అవి పక్కన పెడతాయి. అప్పులు మితిమీరిన కంపెనీలనూ వదిలేస్తాయి. అప్పు ఎంతవరకు ఉండవచ్చన్న దానిలో పండితమండళ్ళ కొలతలు కొంచెం అటూ ఇటూగా ఉన్నాయి. సుమారుగా మూడో వంతు, అంతకంటే తక్కువ. చాలా బాగుంది. అయితే ఇవన్నీ షేర్ల ఫండ్లే. సగం తెలిసిన ముస్లిం యువకుడు చేసే పొరపాటు ఇక్కడే ఉంటుంది. రుణపత్రాల ఫండు హరాం, ఈ ఫండు హలాల్, కాబట్టి చాచా సొమ్మంతా ఇందులో పెట్టిద్దాం అనుకుంటాడు. మనస్సు ప్రశాంతంగా ఉంటుంది. కాని 2020 జనవరిలో డబ్బు పెట్టి, మార్చిలో కూతురి నికాహ్ పెట్టుకున్న మనిషిని ఊహించండి. ఆ రెండు నెలల్లో నిఫ్టీ సూచీ మూడో వంతుకు పైగా పడిపోయింది. ఆ ఏడాది చివరికి తిరిగి లేచిందనేది నిజమే. కాని నికాహ్ మార్చిలో కదా!

హలాల్ కావడం ఒక షరతు. ఆ మనిషికి తగినది కావడం ఇంకో షరతు. మొదటిది ఉంది కదా అని రెండోది వదిలేసినవాడు తన దీన్‌ను కాపాడుకున్నాననుకుంటాడు గాని, ఎదుటివాని హక్కును పోగొట్టాడు. మరి ఏం చెప్పాలి? బొగ్గు పింఛను నెలనెలా వస్తుంది, దానికి తోడు రెండు మూడేళ్ళ ఖర్చులకు, ముందున్న శుభకార్యాలకు కావలసింది షేర్ల జోలికి పోకుండా విడిగా ఉంచమనాలి. అప్పులుంటే ముందు తీర్చమనాలి. ఆ తరువాత ఏడెనిమిదేళ్ళదాకా ముట్టనవసరం లేనిది ఏమైనా మిగిలితే, అప్పుడే దాని సంగతి ఆలోచిద్దామనాలి. ఇలా చెబితే పెట్టుబడికి వచ్చే మొత్తం చిన్నదైపోతుంది. కమీషనూ చిన్నదైపోతుంది. ఆ సంగతి తెలిసే చెప్పాలి.

పక్క క్వార్టరు మల్లయ్యో రాజయ్యో వస్తే? అతనికి వడ్డీ నిషిద్ధం కాదు. రుణపత్రాల ఫండు, పోస్టాఫీసు పథకం అతనికి సరిపడవచ్చు. మన యువకుడు వాటిని అమ్మకపోవచ్చు. కాని అవి లేనట్టు నటించి, తాను అమ్మేదే ఉందన్నట్టు చెబితే అది దగా. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచినవాడితో దైవప్రవక్త (స) ఏమన్నారో మీకు తెలుసు. అమ్మను, కాని లేదని చెప్పను. ఇంతే సూత్రం. “కాకా, నేను ఆ పని చేయను, దానికి వేరేవాళ్ళున్నారు, వాళ్ళనూ అడిగి నిర్ణయించుకో” అనడానికి పెద్ద చదువు అక్కరలేదు.

కమీషను విషయం. దళారీ కూలి ధర్మసమ్మతమే. ఇబ్ను సీరీన్, అతా, హసన్ బస్రీ వంటి పెద్దలు దానిలో తప్పు చూడలేదని ఇమాం బుఖారీ పేర్కొన్నారు. కాని కూలి ఎంతో ఇచ్చేవాడికి తెలియాలి. ఒకప్పుడు ఫండులో చేరగానే మొదట్లోనే కొంత సొమ్ము కోసేవారు. 2009 ఆగస్టు నుంచి అది ఆపేశారు. ఇప్పుడు కమీషను ఫండులోంచే ఏళ్ళతరబడి కొద్దికొద్దిగా వస్తుంది. కొన్నవాడికి అది కంటికి కనిపించదు. 2013 నుంచి కమీషను లేకుండా నేరుగా కొనే పద్ధతి కూడా ఉంది. తేడా ఏడాదికి 1 శాతమే కదా అనిపిస్తుంది. ఉదాహరణకు మాత్రమే ఒక లెక్క చూడండి. 10 లక్షలు 15 ఏళ్ళు 12 శాతం చొప్పున పెరిగితే దాదాపు 54 లక్షల 70 వేలు అవుతుంది. 11 శాతమైతే సుమారు 47 లక్షల 80 వేలు. తేడా దగ్గర దగ్గర 7 లక్షలు. ఈ 7 లక్షలకు తగిన సేవ నేను చేస్తున్నానా అని ఆ యువకుడు తనను తాను అడగాలి. చేస్తే తీసుకోవచ్చు. పత్రాలు నింపడం, మార్కెట్ పడ్డప్పుడు పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం, మనిషి చనిపోతే అతని భార్యకు డబ్బు ఇప్పించడం కూడా పనే. కాని నేరుగా కొనే దారి ఉందని చెప్పి తీసుకోవాలి. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పుకుని లోపం బయటపెట్టుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచుకుంటే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హకీం బిన్ హిజాం (రజి) ఉల్లేఖనం.

పెద్దవాని సంగతి ఇంకా చిక్కు. కెనడాలో 2021 చివరి నుంచి కొనుగోలుదారుని ప్రయోజనమే ముందుండాలని నిబంధనలు బిగించారు. ముందుగా డబ్బు తీస్తే కోత వేసే పద్ధతిని 2022 జూన్‌లో నిషేధించారు. ఇదంతా మంచిదే. కాని బ్యాంకు శాఖలో బల్ల వెనక కూర్చునే మనిషి ఉదయం ఫండు అమ్మి, మధ్యాహ్నం ఇంటి రుణం కాగితాలు రాయవలసి వస్తుంది. పరీక్షలో వడ్డీ లెక్క కట్టడం చదువు. అక్కడ అది కలం పట్టి రాయడం. జాబిర్ (రజి) హదీసు అక్కడ వర్తిస్తుంది. కుటుంబ భారం, వీసా, అద్దె అన్నీ మాకు తెలుసు. దూరం నుంచి తీర్పులివ్వడం సులువని కూడా తెలుసు. అయినా అతనికి మేము రాసింది ఇదే: చదువు, ప్యాసవు, కాని రుణపత్రాలు రాయనవసరం లేని ఉద్యోగం ఎక్కడుందో ఇప్పటి నుంచే వెదుకు, జీతం కొంచెం తగ్గినా సరే. అతను ఇంకా జవాబు రాయలేదు.

పాత ప్రశ్నలు బట్టీపట్టిన కాగితాలు అమ్మేవారి గురించి కూడా చిన్నవాడు అడిగాడు. ప్రశ్నలు బయటపెట్టబోమని మాట ఇచ్చి లోపలికి వెళ్ళినవాడు బయటికొచ్చి వాటిని అమ్మితే అది మాట తప్పడం. దొంగసొత్తని తెలిసి కొనడం సంగతి వేరే చెప్పాలా?

చివరికి చిన్నవాడు 71 మార్కులతో ప్యాసయ్యాడు. ఆ సాయంత్రం తండ్రి మిఠాయి తెచ్చి ఇంట్లో అందరికీ పెట్టారు. తరువాత కొడుకును కూర్చోబెట్టి, తప్పిన 29 ఏవేవో గుర్తున్నంతవరకు రాయమన్నారు. పరీక్షవారు జవాబుపత్రం తిరిగి ఇవ్వరు గనుక, అనుమానంగా గుర్తు పెట్టిన వాటిని తలచుకుని రాశాడు. పద్దెనిమిది వచ్చాయి. ఎక్కువ పన్నుల మీద, కొన్ని మనిషి చనిపోయాక యూనిట్ల బదిలీ మీద.

మరునాడే పక్క క్వార్టరు పెద్దమనిషి వచ్చాడు. ఖైరిగూడ ఓపెన్‌కాస్టులో పనిచేసి ఆ నెలలోనే రిటైరయ్యాడు. మిఠాయి తిని, “బిడ్డా, నేను పోతే నా పైసలు మీ కాకికి ఎట్లొస్తయ్? ఎన్ని దినాలు పడ్తది?” అని అడిగాడు. చిన్నవాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి ఏమీ అనలేదు. “కాకా, అది నాకు సరిగా తెలియదు. శుక్రవారం దాకా ఆగండి, చదివి చెబుతాను” అన్నాడు. ఆయన సరేనని గ్లాసులో మిగిలిన చాయ్ తాగి వెళ్ళాడు.